పిట్ట ఎక్కడ ముట్టింది

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. శామీర్‌పేటలో మా ఇంటి వెనకే శ్మశానం. చిన్నప్పుడు అక్కడ మేకలు కాశాను. ఏ రోజూ ఏమీ కనిపించలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. కోపం తగ్గాక రాద్దామని ఇన్నేళ్ళు ఆగాను. అది తగ్గేలా లేదు.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా అండాలక్క. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళయిన రెండేళ్ళకే బావ పోతే తిరిగొచ్చి మా అన్న ఇంటి పక్కనే ఉండిపోయింది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. నేను ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునేదాకా తను అన్నం ముట్టేది కాదు. పొలం దగ్గరైనా, పెళ్ళి పంక్తిలో అయినా అంతే. నాకు బిడ్డ పుట్టిన తర్వాత కూడా మానలేదు. కంచం ముందు పెట్టుకుని, తల పక్కకు వంచి నన్నే చూస్తూ కూర్చునేది.

"నువ్వు తినే, నీ ఎన్క నేను తింట" అనేది.

మా వదిన ఆట పట్టించేది. "నా కూరల ఇసం ఉన్నదేమోనని ముందుగాల్ల నీతోని రుచి సూపిస్తాంది మీ అక్క."

మా ఆయన జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. గాజులరామారంలో కిరాయికి ఉండేవాళ్ళం. రెండు వేల అయిదులో ఆయనకు ఆస్ట్రేలియాలో, పెర్త్ అనే ఊళ్ళో పని దొరికింది. పాపను తీసుకుని ముగ్గురం వెళ్ళాం.

అక్కడ ఎండ మన మే నెల ఎండలాగే ఉంటుంది, కానీ చెమట పట్టదు. పెరట్లో గొడుగులా తిరిగే దండెం ఉండేది. చుట్టూ బట్టలు ఆరేసి వచ్చేసరికి మొదటివి ఆరిపోయేవి. నాకు ఇంగ్లీషు రాదు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. అందుకని మా ఆయన ప్రతి ఆదివారం పాత కారులో ఒక కొత్త చోటికి తీసుకెళ్ళేవాడు. ఒకసారి సముద్రం, ఒకసారి నది ఒడ్డు, ఒకసారి ద్రాక్ష తోటలు.

సాయంత్రం ఫోన్ కార్డు గీకి అన్న ఇంటికి ఫోన్ చేస్తే అక్క వచ్చి మాట్లాడేది. మేడ్చల్ దాటి పోని మనిషి, ఆమెకు అన్నీ కావాలి. "ఈ వారం ఏడికి పోయిన్రే?" అదే మొదటి మాట. నేను చెప్పినదంతా మర్నాడు నాట్లు వేసేటప్పుడు తోటి ఆడవాళ్ళకు చెప్పేదట. వచ్చే వారం కొండల్లో ఉన్న డ్యామ్‌కు పోతామని చెప్తే, మన శామీర్‌పేట చెరువంత ఉంటదా అని అడిగింది. చూసి చెప్తానన్నాను.

ఆ బుధవారం ఎందుకో మనసు ఆగక ఫోన్ చేశాను. అన్న ఎత్తాడు. అక్క పొలం దగ్గర ఉన్నదని, ఆదివారం చెయ్యమని పెట్టేశాడు.

ఆదివారం డ్యామ్‌కు వెళ్ళాం. దారంతా మా ఆయన మాట్లాడలేదు. ఎండకు తలనొప్పేమో అనుకున్నాను. అక్కడ చెట్ల కింద బల్లలు ఉన్నాయి. పులిహోర, కోడికూర తీసి పెట్టాను. మా ఆయన, పాప తినడం మొదలుపెట్టారు. నేను వడ్డిస్తూ ఉన్నాను. పన్నెండున్నర అయింది. ఆయన గడియారం చూసి చెప్పాడు కాబట్టి గుర్తుంది.

అప్పుడు ఒక కాకి వచ్చింది. అక్కడి కాకులు మన కాకుల్లా అరవవు, చంటిపిల్ల ఏడ్చినట్టు సాగదీస్తాయి. కళ్ళు తెల్లగా ఉంటాయి. అది అరవలేదు. నడుచుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. పాప కోడి ముక్క వేసింది. చూడలేదు. మా ఆయన వేసింది కూడా చూడలేదు. తల పక్కకు వంచి నన్నే చూస్తూ ఉంది.

నేను కొంచెం పులిహోర తీసి కింద పెట్టాను. ముట్టలేదు. పోనీలే అని కూర్చుని నేనొక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వెంటనే తిన్నది. మళ్ళీ పెట్టాను. ఆగింది. నేను తిన్నాక తిన్నది. మూడోసారి కూడా అంతే. తర్వాత ఎగిరిపోయింది.

నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి అక్కకు చెప్పాలి అన్నాను. తల తిప్పి చూస్తే మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇంటికి పోదాం అన్నాడు.

ఆ సాయంత్రం అక్క మేడ్చల్ వెళ్ళిందన్నాడు అన్న. తర్వాతి వారం చుట్టాలింటికి వెళ్ళిందన్నాడు. ఇంకో వారం పడుకున్నదన్నాడు. ఆరు వారాలు. నాకు అక్క మీద కోపం వచ్చింది. ఫోన్ దగ్గరికి రావడానికి కూడా తీరిక లేదా అని తిట్టాను. చచ్చిపోయిన మనిషిని తిడుతుంటే మా అన్న ఫోన్ పట్టుకుని విన్నాడు.

ఒక రోజు పగటిపూట చేస్తే వదిన ఎత్తింది. అక్క పేరు ఎత్తగానే ఏడ్చింది. జ్వరమట. నేను ఫోన్ చేసిన బుధవారం అక్క మేడ్చల్‌లో ఆసుపత్రిలో ఉందట. చెల్లె ఫోన్ చేసిందా అని అడుగుతూనే ఉందట. శుక్రవారం పోయింది.

మా దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. ఏం మిగిలిందో తలుచుకుని, ఒక్కొక్కటిగా మాటిస్తారు. మూడో రోజంటే ఆదివారం.

"పిట్ట ముట్టిందా వదినా?" అని అడిగాను.

"ముట్టలే" అంది. పొద్దున్నుంచి కాకులు చెట్టు మీదే కూర్చున్నాయట. అన్న చాలా మాటలిచ్చాడట. ఏటా పెడతానన్నాడు, ఇల్లు పాడు కానియ్యనన్నాడు. ఒక్కటీ దిగలేదు. వదిన అన్న చెవిలో చెప్పిందట, "సెల్లెకు చెప్తనని అను, అదే కావొచ్చు" అని. ఆయన నోరు మూయమన్నాడట. పదింటికి కాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. మధ్యాహ్నం దాకా చూసి విస్తరి ఆవుకు పెట్టారు.

అక్కడ పది అంటే పెర్త్‌లో పన్నెండున్నర.

ఆ సాయంత్రం మా ఆయన పని నుంచి రాగానే అడిగాను. ఆయన తల దించుకున్నాడు. "నాకు శుక్రారం నాడే తెల్సు. మీ అన్న చెప్పొద్దన్నడు. కొత్తగ వచ్చినవ్, ఒక్కదానివే ఏడ్సుకుంట కూసుంటవని" అన్నాడు. ముందే అనుకున్న డ్యామ్ ప్రయాణం ఆ ఆదివారం మానకపోయింది కూడా, అక్కడ పిట్టకు పెట్టే వేళకు నన్ను ఫోన్‌కు దూరంగా ఉంచడానికే.

నా ఏడుపు నాది. దాన్ని ఆపడానికి వీళ్ళెవరు? ఒక్క నిమిషం ఆసుపత్రిలో ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టి ఉంటే ఏం పోయేది?

పిట్ట పిట్టే అంటాడు మా అన్న. కాకులు తెలివైనవి, మనిషి తిన్నాకే నమ్మి తింటాయి అంటాడు మా ఆయన. కావచ్చు. మరి ఆయన, పాప తింటూనే ఉన్నారు కదా, వాళ్ళు వేసింది ఎందుకు ముట్టలేదు? ఆయన ఎందుకు లేచి నిలబడ్డాడు?

అక్క పోయిన సంగతి నాకు తెలియకూడదని ఇద్దరు మగవాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చారు. నేను ఆ రోజు ఏ చెట్టు కింద కూర్చుంటానో ఆ కాకికి చెప్పిందెవరు?