కాశీలో వదిలిన మామిడి

కాశీకి వెళ్లినవాళ్లు అక్కడ ఏదో ఒకటి వదిలి రావాలన్నది మా వైపు ఆనవాయితీ. గంగలో నిలబడి ఒక కాయో పండో వదిలేస్తే, ఇక ప్రాణం ఉన్నంతకాలం దాన్ని నోట పెట్టకూడదు. ఇష్టమైనదే వదలాలని పెద్దలు చెబుతారు. మనవాళ్లు ఆ ఒక్క మాటా విననట్టు ఉంటారు. మా మావయ్యగారు కాకరకాయ వదిలారు. బుద్ధెరిగిన దగ్గర్నించీ ఆయన దాన్ని ముట్టిందే లేదు. ఆయన చెల్లెలు పనసపండు వదిలింది. దాని వాసన వస్తే ఆవిడ ముక్కు మూసుకుంటుంది. ఈ సంగతులు దేవుడి దాకా వెళ్లవని వాళ్ల ధీమా కాబోలు. మా అత్తయ్య మాత్రం మామిడి వదిలి వచ్చారు.

ఆగిరిపల్లి పక్కన, ఎటు చూసినా మామిడి తోటలే ఉన్న ఊళ్లో కాపురం ఉంటూ మామిడి వదలడం ఎంత పనో చెప్పాలంటే, ముందు ఆవిడ రుచి చూసే తీరు గురించి చెప్పాలి.

నేను గుడివాడ అవతల వరిచేల మధ్య పెరిగినదాన్ని. ఎనభైల మొదట్లో కోడలిగా ఈ మెరక ఊరికి వచ్చేనాటికి నాకు తెలిసిన మామిడిపళ్లు రెండే రకాలు: తియ్యనివి, పుల్లనివి. ఇక్కడ అలా కాదు. చెట్టు చెట్టుకీ ఒక తీరు, ఒక కోపతాపం. మామిడిని పచ్చిగానే కోసి గడ్డిలో మాగేస్తారు. ముదరకముందే కోస్తే ఎన్నాళ్లు గడ్డిలో ఉంచినా పులుపు చావదు, తోలు ముడతలు పడుతుంది. పైకి చూసి ఆ సంగతి పోల్చుకోవడం కష్టం. అందుకని కోతకి ముందు రసాల చెట్లకి ఒక్కోదానికి నాలుగు కాయలు దించి, వెనక గదిలో గడ్డి కింద పెట్టేవాళ్లు. అవి పండాక అత్తయ్య పూజ ముగించుకుని వచ్చి వసారాలో పీట మీద కూర్చునేవారు. పండుని అరచేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి పక్కన పెట్టి, ఒక గుక్క పీల్చి కళ్లు మూసుకునేవారు. మావయ్యగారు పక్కనే నిలబడి ఉండేవారు.

"కొయ్యొచ్చండీ," అనేవారు. లేకపోతే, "ఇంకో వారం ఆగండి."

అంతే. మరో మాట ఉండేది కాదు. కూర దగ్గర్నించి కోడలి దాకా ఏ విషయంలోనూ భార్య మాట చెవిన పెట్టని మనిషి, ఆ ఒక్క మాటకి తలవంచి తోటలోకి వెళ్లేవారు. ఏడాదిలో ఆ ఒక్క నెలే ఆవిడ ఇంటికి యజమాని. ఆ నెల కోసం ఆవిడ మిగతా పదకొండు నెలలూ ఓర్చుకునేవారని నాకు అనిపించేది.

నాకప్పటికి రెండుసార్లు గర్భం పోయింది. మూడోసారి నాలుగో నెల నడుస్తుండగా, శివరాత్రి వెళ్లాక, అత్తయ్యా మావయ్యగారూ బంధువులతో కలిసి కాశీ రైలెక్కారు. మంచం దిగొద్దని డాక్టరమ్మ నాకు చెప్పింది. మా అమ్మ వచ్చి నా దగ్గర ఉంది. ఇలాంటప్పుడు తీర్థయాత్రలేమిటని అమ్మ గొణిగింది. నేను కూడా లోపల గొణుక్కున్నాను. కోడలి దగ్గర ఉండకుండా విశ్వేశ్వరుడి దగ్గరకి పరుగెత్తే అత్తగారి మీద ఎవరికి ప్రేమ పుడుతుంది?

వాళ్లు తిరిగొచ్చి ఉగాదికి ముందు కాశీ సమారాధన పెట్టారు. ఊరంతా భోజనాలకి వచ్చింది. కొత్తగా దిగిన లేతకాయలతో మామిడికాయ పప్పు చేశారు. నన్ను గోడకి ఆనుకుని కూర్చోమన్నారు. అత్తయ్య అందరికీ వడ్డించి నా పక్కన కూర్చున్నారు. ఆవిడ విస్తట్లో పప్పు లేదు. మావయ్యగారి చెల్లెలు గరిటెతో వంగింది.

"నాకొద్దు వదినా," అన్నారు అత్తయ్య.

"అదేంటి, మామిడికాయ పప్పు వద్దంటావేంటి? ఒంట్లో బాలేదా?"

"కాశీలో వదిలేశాను."

గరిటె అలాగే గాల్లో ఉండిపోయింది. పంక్తి చివర మావయ్యగారు కలిపిన ముద్ద కిందపెట్టారు. ఆయనకీ అప్పుడే తెలిసింది.

"నీకేమన్నా మతిపోయిందా? రేపు రసాలు ఎవరు చూస్తారు?" అన్నారు.

"మీరు చూడండి. ఇన్నేళ్లు పక్కన నిలబడి చూశారుగా."

ఎందుకు వదిలారని నేను ఆ సాయంత్రం అడిగాను. దాపరికం లేకుండా చెప్పారు. నా కడుపు నిలవాలని వదిలారట. నాకు ఒళ్లు మండింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నేను అడిగానా, నా కోసం నోరు కట్టుకొమ్మని? పుట్టబోయే బిడ్డ నెత్తిన అప్పుడే ఒకరి త్యాగం బరువెక్కించారు. జీవితాంతం నేను ఆ మాట వింటూ ఉండాలి కాబోలు అనుకున్నాను. ఇది అన్యాయమైన ఆలోచనేమీ కాదు. మన ఇళ్లలో త్యాగాలని ఊరికే మరిచిపోనివ్వరు.

"వేరే ఏదన్నా వదలొచ్చుగా అత్తయ్యా," అన్నాను.

"నాకు అక్కర్లేనిది ఆ విశ్వేశ్వరుడికెందుకే?" అన్నారు ఆవిడ.

ఆ వేసవి రుచి చూసే పని మావయ్యగారిది. ఆయన పీట మీద కూర్చుని, పండు పిసికి, కళ్లు కూడా మూసుకున్నారు. అన్నీ ఆవిడ చేసినట్టే చేశారు, తెలియడం ఒక్కటే తక్కువ. "కొయ్యొచ్చు" అని ధైర్యంగా అన్న చెట్టు కాయ, మా తోట కాయ కొనే విస్సన్నపేట షావుకారు గడ్డిలో ముడతలు పడింది. ఆయన మనిషిని పంపించి మర్యాదగానే అడిగించాడు, ఈసారి అమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని. అత్తయ్య ఆవకాయ కలుపుతూ ఉప్పు సరిపోయిందో లేదో నన్ను నాకి చెప్పమనేవారు. నేను చెప్పేది విని, నమ్మలేక, జాడీ మీదికి వంగి వాసన చూసుకునేవారు.

రోహిణి కార్తె ఎండల్లో, ఎనిమిదో నెలలో, నన్ను బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. మగపిల్లవాడు. పూట కూడా బతకలేదు. ఇంతకన్నా ఆ సంగతి రాయను, రాస్తే ఏమొస్తుంది.

ఇంటికి వచ్చాక ఎవరూ నాతో దేవుడి మాట ఎత్తలేదు. అత్తయ్య రోజూ తెల్లవారి స్నానం చేసి దీపం పెట్టేవారు, ఎప్పటిలాగే. నాకు ఆ దీపాన్ని చూస్తే కోపం వచ్చేది. ఎంత కోపమంటే, ఆ ఇల్లూ తోటా నిలువునా ఎండిపోయినా బాగుండుననిపించేది. ఒకరోజు మధ్యాహ్నం మావయ్యగారు తోటలో, మా ఆయన నూజివీడు ఆఫీసులో ఉన్నప్పుడు, గడ్డిలోంచి ఒక చిన్నరసం తీశాను. పసుపుపచ్చటి పండు. దాన్ని పళ్లెంలో పెట్టి వసారాలో బియ్యం ఏరుకుంటున్న ఆవిడ ముందు పెట్టాను.

"తినండి," అన్నాను.

ఆవిడ తలెత్తి చూశారు.

"మీ దేవుడు మాట నిలబెట్టుకోలేదు. మీరెందుకు నిలబెట్టుకోవాలి? తినండి."

"ఆయన నాకు మాటివ్వలేదమ్మా. ఇచ్చింది నేను."

"మరి దేన్ని చూసుకుని ఇచ్చారు?"

ఆవిడ చేతిలోని రాయి తీసి పక్కన పెట్టారు. "అడిగింది ఇస్తానని ఆయన ఎప్పుడూ అనలేదు. నమ్మినవాళ్ల చెయ్యి వదలనన్నాడు."

"నాకు ఏ చెయ్యీ కనపడలేదత్తయ్యా."

"నాకూ కనపడలేదు," అన్నారు.

నేను ఆ జవాబు అనుకోలేదు. ఏదో కర్మ అంటారు, పరీక్ష అంటారు, పోట్లాడదామని సిద్ధంగా ఉన్నాను.

"అయినా?" అన్నాను.

"అయినా."

పళ్లెం నా వైపు జరిపారు. "నువ్వు తిను. ఒంట్లో చుక్క రక్తం లేదు." ఆవిడ మళ్లీ చేటలోకి వంగారు. నేను అక్కడే కూర్చుని తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. పండు తియ్యగా ఉంది. అంత దుఃఖంలోనూ తీపి తీపిగానే ఉండటం నాకు నచ్చలేదు.

మావయ్యగారు మాత్రం ఊరుకోలేదు. మరుసటి వేసవి రాకముందే కొండమీది నరసింహస్వామి గుడి పంతులుగారిని ఇంటికి తీసుకొచ్చారు. కోరిక తీరకపోతే మొక్కుకి కట్టుబడక్కర్లేదని పంతులుగారి చేత చెప్పించాలని ఆయన ఆలోచన. పంతులుగారు మంచివారు. మజ్జిగ తాగి, కాసేపు ఆలోచించి, వెండితో మామిడికాయ చేయించి స్వామికి సమర్పిస్తే దోషం పోతుందని ఒక దారి చూపించారు. మావయ్యగారి ముఖం వెలిగింది.

"వెండికాయ ఆయన తింటాడా పంతులుగారూ?" అని అడిగారు అత్తయ్య తలుపు చాటునుంచి.

"తినడనుకోండమ్మా..."

"మరెందుకండీ?"

ఆయన నవ్వేసి గ్లాసు కింద పెట్టారు. మావయ్యగారు వెళ్లి తోటలో కూర్చున్నారు. అప్పటినుంచి ఏటా ఆయనే రుచి చూడటం, కొన్ని చెట్లు తప్పడం, షావుకారు ముఖం చిట్లించడం మామూలైపోయింది. కాయ పరీక్ష జరిగే పొద్దున అత్తయ్య పెరట్లో ఏదో పని కల్పించుకునేవారు. ఒకసారి నేను వెళ్లి చూశాను. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నారు. ఆవిడకి కష్టంగా ఉందని నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. భక్తి ఉన్నవాళ్లకి ఇలాంటివి తేలికని అంతవరకు అనుకునేదాన్ని. తేలికేమీ కాదు. ఆవిడకి మామిడి కావాలి, ఏడాదంతా కావాలి, ఆ నెలలో మరీ కావాలి.

దశాబ్దం చివర్లో మాకు అమ్మాయి పుట్టింది. ఈసారి ఎవరూ నా కోసం ఏమీ మొక్కుకోవద్దని ముందే చెప్పాను. "సరే," అన్నారు అత్తయ్య. మాట నిలబెట్టుకున్నారనే అనుకుంటాను. ఆవిడకి అది అలవాటు.

పిల్లకి రెండో వేసవి. మర్నాడు కోతకి కూలీలని పిలిచేశారు. ఈశాన్యం మూల ఉన్న పెద్ద చెట్టు సంగతి ఒక్కటే తేలాలి. మావయ్యగారు వసారాలో పీట మీద కూర్చుని, ఆ చెట్టు పండు ఒక గుక్క పీల్చి, అలవాటు ప్రకారం "కొయ్యొచ్చు" అన్నారు. మిగిలిన పండు పిల్ల చేతికిచ్చారు. పిల్ల దాన్ని మోచేతుల దాకా పూసుకుంది. అప్పుడే అత్తయ్య నీళ్ల చెంబుతో లోపలికి వస్తూ, దాని అవతారం చూసి నవ్వుతూ ముందు కూర్చున్నారు.

"ఏమే, నాకు పెట్టవా?" అన్నారు. పిల్లల దగ్గర అందరూ అనేదే. వాళ్లు పెట్టబోతే 'ఆ ఆ' అని నోరు తెరిచి తినేసినట్టు నటిస్తాం. ఆవిడ కూడా నోరు తెరిచారు. పిల్ల నటన ఎరగదు. పండు మొత్తం ఆవిడ నోట్లో కుక్కింది.

రసం గడ్డం మీదుగా కారింది. మావయ్యగారు సగం లేచి ఆగిపోయారు. అత్తయ్య కదల్లేదు. నోరు నిండుగా ఉంది. మింగడమా, ఊయడమా. ఇన్నేళ్ల తర్వాత, ఆవిడ అడగకుండా, మనవరాలి చేతి మీదుగా వచ్చిన పండు అది. మింగండి, అని నేను లోపల ఎంత వేడుకున్నానో. నాకు నమ్మకం లేని దేవుణ్ణి కూడా వేడుకున్నాను, ఆవిణ్ణి మింగనివ్వమని.

ఆవిడ లేచి గబగబా పెరట్లోకి వెళ్లారు. ఊశారు. చెంబెడు నీళ్లూ అయ్యేదాకా పుక్కిలించారు. కొంగుతో మూతి తుడుచుకుని తిరిగి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బిక్కమొహం వేసుకున్న పిల్లని ఎత్తుకుని, చెంప మీద ముద్దుపెట్టి, మావయ్యగారి వైపు తిరిగారు.

"ఆ చెట్టు రేపు కొయ్యకండి. తీపి అడుగున ఇంకా పులుపుంది. వారం ఆగండి."

మావయ్యగారు ఆవిడ ముఖంలోకి చూశారు. "తిన్నావా?" అని మెల్లిగా అడిగారు.

"తినలేదండీ. తెలిసింది."

ఆయన చెప్పులేసుకుని, ఆ మూల చెట్టు వదిలేయమని కూలీలకి చెప్పడానికి వెళ్లారు. ఆయన తలవంచి వెళ్లడం చాలా ఏళ్ల తర్వాత చూశాను.

వారం తర్వాత ఆ చెట్టు కోశారు. ఆ కాయలు పండినరోజు నేను వెనక గదిలో గడ్డి మీదే కూర్చుని ఒకటి తిని చూశాను. చెయ్యి కూడా కడుక్కోకుండా వసారాలోకి వచ్చాను. ఆవిడ బియ్యం ఏరుకుంటున్నారు.

"తియ్యగా ఉన్నాయత్తయ్యా," అన్నాను.

"ఉంటాయి," అన్నారు, చేటలోంచి తల ఎత్తకుండానే.