పేర్లు కొట్టే పని

నంద్యాలలో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. కొన్నవాటి మీద పేర్లు కూడా ఆయనే కొట్టి ఇస్తాడు. కరెంటు సూది జుయ్యిమంటూ చుక్కలు పెట్టుకుంటూ పోతుంది, చుక్కలన్నీ కలిసి పేరవుతాయి. నేను అక్షరాలు నేర్చుకున్నదే ఆ చుక్కల మీద.

ఇప్పుడు బెంగళూరులో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. అక్కడా సూదే. కాకపోతే అది బంగారు సూది, దాని మొన కంటికి ఆనదు. కింద పెట్టిన నున్నటి పలకకు తగిలీ తగలనంత దగ్గరికి దించి చిన్న కరెంటు దెబ్బ కొడితే, మొన నుంచి కాస్త బంగారం రాలి చుక్కవుతుంది. ఆ చుక్క పడిందో లేదో చూడాలన్నా మళ్లీ ఆ సూదితోనే తడమాలి.

ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా నాయన తలూపి ఊరుకునేవాడు. అంగడికొచ్చినవాళ్లు "పాప ఏం చేస్తాంది?" అంటే "ఏదో కంప్యూటర్ పనిలే" అనేసేవాడు. నాకు ఒళ్లు మండేది. గొప్పలు చెప్పమనలేదు, నా పనేంటో ఆయన నోట ఒక్కసారి వినాలని నా ఆశ.

మొన్న సెలవులకు వెళ్తూ ల్యాబులో నేను కొట్టినదాని ఫొటో ఒకటి పట్టుకెళ్లాను. నల్లటి నేల మీద బంగారు చుక్కలు, కాస్త వంకరగా ఒక అక్షరం. నాయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. దాన్ని గల్లాపెట్టె మీద పెట్టి పనిలో పడ్డాడు. నేను ఉసూరుమంటూ డబ్బాలు తుడవడానికి కూర్చున్నాను.

ఆ డబ్బాలు ఆళ్లగడ్డ నుంచి వచ్చి అంగడిలో కూర్చున్న ఒక రైతువి. కొత్తింట్లో చేరుతూ బంధువులకు పంచడానికి కొన్నాడు. పేర్లు కొట్టేదాకా తోచక ఫొటో అందుకున్నాడు.

"ఇదేందప్పా, ఉలవలు ఒలకబోసినట్టుంది?"

నాయన సూది ఆపలేదు. "మా పాప కొట్టింది. బంగారుతో. ఈ డబ్బా మీద దుమ్ము రేణువుంది సూడు, దాని మీద గూడా పేరు కొడుతుంది."

నా చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"కంటికి కనపడకుంటే ఎందుకప్పా కొట్టేది?"

"రేపు మిషన్లల్లో అంత సన్న తీగలు కావాలంట. ముందు చెయ్యి కుదరాల గదా."

"అది సరేగానీ, ఇది నీ పేరులో మొదటి అక్షరం మాదిరుందే. పాప తన పేరు గదా కొట్టుకోవాల్సింది?"

అది ఎవరి అక్షరమో నేను నాయనకు చెప్పనేలేదు. ఆయన డబ్బా ఇటు తిప్పి, తలెత్తకుండానే అన్నాడు.

"ఈ డబ్బాలు నువ్వు ఊరంతా పంచుతావు. పేరు ఎవురిది కొట్టమంటివి? ఇచ్చినోళ్లదే గదా."