మూడో కిటికీకి లేని ఊచ

కళ్లు ఇచ్చిన దేవుడు వాటిని దేనిమీద నిలపాలో చెప్పకుండా వదిలేయలేదు. శాస్త్రాలన్నీ అందుకే పుట్టాయి. అయినా కొందరు ఆ దొడ్డ వరాన్ని తీసుకుపోయి ఒక రైలుపెట్టె రివెట్టుకు తగిలిస్తారు. అటువంటి వాడొకడి కథ ఇది. బీమా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాడు. రైల్వేలో ఒక్కనాడూ పనిచేసిన పాపాన పోలేదు. బొమ్మరైళ్ల సంఘంవాళ్లు అతనికి పెట్టిన పేరు రివెట్టుగారు. అది వెక్కిరింపని అందరికీ తెలుసు, అతనికి తప్ప. అతను దాన్ని బిరుదులా మోశాడు.

ఆ ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న గది ఒక్కటే. అది పెట్టెలది. జానెడేసి పాసింజరు పెట్టెలు అద్దాల అలమరలో బారులు తీరి ఉంటాయి. పలచటి ప్లాస్టిక్ రేకును వెనకనుంచి సూదితో పొడిచి రివెట్టు తలలు లేపుతాడు. ఇత్తడి తీగ తుంచి కిటికీలకు ఊచలు అతుకుతాడు. పైకప్పు మీద గాలిగొట్టాలు, చక్రాల నడుమ బ్యాటరీ పెట్టె, కొసన వేలాడే బ్రేకు గొట్టం, అన్నీ ఫలానా ఏడాదిలో ఎలా ఉండేవో అలాగే. లోపల ఎవరికీ కనబడని చెక్కబల్లలకు కూడా పలకకూ పలకకూ మధ్య సందు గీస్తాడు. పనితనానికి వంక పెట్టలేము. ఆ బల్లల మీద ఒక్క మనిషి బొమ్మను కూర్చోబెట్టమంటే మాత్రం భగ్గుమంటాడు.

"మనుషుల్ని పెడితే ఇంక చరిత్రేముంది? పిల్లల ఆటసామానైపోతుంది."

శరీరం వేరు, శరీరి వేరని పెద్దలు గొంతెండిపోయేలా చెప్పారు. ఈ మహానుభావుడు శరీరిని లెక్కలోంచే కొట్టేశాడు. పెళ్లయిన కొత్తలో ఏదో స్టేషన్లో దిగి, పెట్టె కొసన గుద్దు ఆపే బఫర్ల మధ్య దూరం కొలుస్తుంటే బండి కదిలిపోయింది. భార్య బండిలో, భర్త టేపుతో ప్లాట్‌ఫారం మీద. "కొలత మాత్రం సరిగ్గా వచ్చిందట" అని ఆవిడ ఇప్పటికీ పదిమందినీ నవ్విస్తుంది.

అతని తపస్సుకంతటికీ ఫలం ఒక మూడో తరగతి పెట్టె, తన చిన్ననాటిది. ఆధారం ఒక్క ఫొటో. తల్లి పోయాక ఆమె ట్రంకుపెట్టెలో దొరికింది. రైలు కూత వింటేనే తలనొప్పి అనే తల్లి రైలుపెట్టె ఫొటో ఎందుకు దాచుకుందో అని అతనికి ఒక్కసారైనా తోచలేదు. భూతద్దం పట్టి కిటికీలు చూశాడు. ప్లాట్‌ఫారం మీది జనం వల్ల చూపు చెదురుతోందని వాళ్లమీద నల్లకాగితం పట్టీ అంటించి పారేశాడు.

ఆ పెట్టెలో మూడో కిటికీకి నడిమి ఊచ లేదు. ఆ లేని ఊచ మీద అతను కట్టిన భాష్యం అంతా ఇంతా కాదు. ప్రమాదం జరిగితే జనం బయటపడాలని ఆనాటి కర్మాగారంవారు ప్రయోగంగా ఊచ తీసేశారట. అత్యవసర కిటికీకి అదే ఆద్యమట. ఈసారి ప్రదర్శనలో ఆ పెట్టెకు షీల్డు వస్తే ఆ సిద్ధాంతం సంఘం పుస్తకంలో అతని పేరుతో అచ్చవుతుంది. పగలూ రాత్రీ అదే జపం.

ప్రదర్శనకు ముందురోజు అక్క వచ్చింది. గదిలోకి తొంగిచూసింది.

"ఏవిట్రా, ముసలాడివయ్యాక బొమ్మలాటా?"

"బొమ్మ కాదక్కా, పునర్నిర్మాణం. ముట్టుకోకు, రంగు ఆరలేదు."

"ఈ కిటికీకి ఊచ ఊడిపోయిందిగా?"

"ఊడలేదు, తీశారు." ఇక ప్రవచనం మొదలైంది. ఆమె సగం దాకా విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఒరేయ్, అది నీ బుర్ర కోసం కోశార్రా! అమ్మ వద్దంటున్నా ఆ ఊచల మధ్య తల దూర్చావు. ఇటూ రాదు, అటూ పోదు. నూనె రాశారు, సబ్బు రాశారు. నువ్వు ఒకటే ఆర్తనాదం. ఆఖరికి రంపం తెచ్చారు. చెవి వెనక ఆ మచ్చ ఎక్కడిదనుకున్నావు?"

"పుట్టుమచ్చన్నారు కదండీ నాతో!" అంది భార్య గుమ్మంలోంచి.

"జ్ఞాపకాలు చరిత్రకు చెల్లవు. ఆధారం ఉందా?"

"ఆధారం కావాలా నీకు?" అక్క బల్ల మీది ఫొటో అందుకుని, గోటితో పట్టీ కొస లేపి మెల్లగా ఊడదీసింది.

రంపం పట్టుకున్న ఫిట్టరు. నెత్తిన నూనె కారుతూ ఏడుస్తున్న పసివాడు. వాణ్ణి గుండెకు అదుముకున్న తల్లి. పక్కన రెండు జడల పిల్ల, ఈ అక్కే.

"స్టేషన్ పక్క స్టూడియోవాడు సరదాపడి తీశాడు. అమ్మ వెంటపడి తెప్పించుకుంది, నువ్వు దక్కిన రోజని."

అతను భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. రాయి కూడా కరిగే ఘడియ అది.

"కింద ఊచ మొదలు మిగిలింది," అన్నాడు. "కోత వాలుగా ఉంది. నేను మొదలంటా తీసేశాను. దిద్దాలి."

ఇత్తడి తీగ తుంచి, ఆకురాయితో వాలుగా అరగదీసి, దిద్దాడు కూడా. తర్వాత పట్టీకి జిగురు పూసి తల్లి మీద మళ్లీ అంటించాడు.

"ఎవరితోనూ అనకక్కా. షీల్డు పోతుంది."

"అనన్లేరా. నీ బుర్ర నీ ఇష్టం," అంది అక్క. అప్పటికింకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు హాల్లో పెట్టె పక్కన స్టాండు మీద ఫొటో నిలబెట్టాడు. సంఘం అధ్యక్షుడు పళ్ల డాక్టరు. నోట్లోకి చూసినట్టే కిటికీలోకి చూసి మెచ్చుకున్నాడు.

"ఈ నల్లపట్టీ కింద ఏముంది, రివెట్టుగారూ?"

"ఎవరో జనం లెండి. పనికిరాని వివరం."

అక్క పక్కనే ఉంది. ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

షీల్డు అతనికే ఇచ్చారు. తీసుకోవడానికి తల వంచితే చెవి వెనక మచ్చ హాలంతటికీ కనబడింది. ఆ చప్పట్ల మధ్య అక్క స్టాండు దగ్గరికి నడిచింది, పట్టీని పట్టుకుని చర్రున లాగింది, దాన్ని స్టాండుకే తగిలించింది. ఫొటో సంచిలో పెట్టుకుంది.

"అక్కా! అక్కా, అది ఆధారం!"

"నీకు కావలసింది అక్కడే ఉంచాన్రా. ఆ ఎవరో జనాన్ని మాత్రం నేను తీసుకుపోతున్నా."

"ఉండండి వదినా, బస్సు దాకా నేనూ వస్తాను," అని భార్య వెంట నడిచింది. షీల్డు చేతిలో ఉన్నందువల్ల అతను పరుగెత్తలేకపోయాడు.

పుస్తకంలో వేయడానికి ఫొటో పంపమని అధ్యక్షుడు అడుగుతూనే ఉన్నాడు. అక్క ఫోను ఎత్తదు. రివెట్టుగారి దగ్గర మిగిలింది ఆ నల్లపట్టీ. దాని వెనక జిగురుకు అంటుకుని ఫొటోలోని తల్లి చీర అంచు కాస్త ఊడి వచ్చింది. దాని వెడల్పు ఎంతో అతను ఈపాటికి కొలిచే ఉంటాడు.