వాడు ఆపి ఉంచిన పట్టు

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో బోల్టులు తయారుచేసే ఒక యూనిట్ పక్కన రేకుల షెడ్డు మా జుజిట్సు క్లబ్బు. ఎంత తుడిచినా మ్యాట్ల మీద ఇనుప రజను చేరేది. సాధన అయ్యాక డ్రెస్సు ఉతికితే బకెట్లో నీళ్లు తుప్పు రంగుకు తిరిగేవి. పదకొండేళ్లు అక్కడ దొర్లాను. జుజిట్సు అంటే గుద్దులాట కాదు, నేల మీద పట్టే పట్లు. ఎదుటివాడికి చెయ్యో మెడో చిక్కితే అరచేత్తో రెండుసార్లు తట్టి ఓటమి ఒప్పుకోవాలి. దాన్ని ట్యాప్ అంటాం. తట్టగానే అవతలివాడు వదిలేయాలి. ఆ ఆటలో మర్యాదంతా అదే.

నాకు ఉపన్యాసాల జబ్బు. మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యాడు. శ్రీకాకుళం వదిలి నలభై ఏళ్లయినా యాస మార్చలేదు. "బరువెత్తేది క్రేనేగానీ, గొలుసెక్కడ కట్టాలో తెలిసినోడిదేరా పనంతాను" అనేవాడు. ఆ ముక్క పట్టుకుని, కొత్తగా చేరిన ప్రతివాడి చెవిలో జోరీగలా పోరేవాణ్ని. కండ ఎవడైనా పెంచుతాడు, కిటుకు తెలిసినవాడే గెలుస్తాడని.

నా పోరును అందరికంటే శ్రద్ధగా విన్నవాడు ఒక వెల్డరు. పాతికేళ్లవాడు. నాలాగే ప్లాంటు కాలనీలో, సెక్టర్ 7లో పుట్టి పెరిగాడు. తెలుగువాడే అయినా వాడి నోట హిందీ ఎక్కువ. ఆరేళ్లు నేనే నేర్పాను. అరవై కిలోల బక్క మనిషి. రాష్ట్ర పోటీల్లో రెండుసార్లు ఓడాక, ఎనిమిది నెలల్లో నా బరువుకు వచ్చేశాడు. మెడ పోత పోసినట్టయింది, వీపు నిండా మొటిమలు. అడిగితే దాచలేదు.

"సూదులు తీసుకుంటన్నాను భయ్యా. జిమ్‌వాడు ఇస్తన్నాడు. నీకొక్కడికే చెప్పినాను, సర్‌కి బోలొద్దు, ప్లీజ్."

సర్ అంటే మా కోచ్. నేను ఆయనకు చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి వాణ్ని చూస్తే కంపరం పుట్టేది. ఆరేళ్ల చదువును నాలుగు సూదిమందు సీసాలకు అమ్ముకున్నాడనిపించింది.

ఆ ఏడాది రాష్ట్ర పోటీ దుర్గ్‌లో. గెలిచినవాడు నేషనల్స్‌కు వెళ్తాడు. నాకు ముప్ఫై ఏడు, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నేషనల్స్ అంటూ చూస్తే ఆ ఏడే చూడాలి. అక్కడ మందుల పరీక్షలాంటిదేమీ లేదు, బరువు తూచి లోపలికి పంపారు. ఫైనల్‌కు మిగిలింది నేనూ, వాడూ.

మాలో ఒక ఆచారం ఉంది. ఒకే క్లబ్బువాళ్లు ఇద్దరు ఫైనల్‌కు వస్తే పోటీ పడరు. జూనియర్ తప్పుకుంటాడు, రిఫరీ సీనియర్ చెయ్యి ఎత్తుతాడు. వాడు నవ్వుతూ నా దగ్గరకొచ్చాడు.

"మనలో మనకి లడాయి ఏటి భయ్యా? గోల్డ్ నువ్వే తీసేసుకో. నేషనల్స్‌కి నువ్వే యెళ్లు."

తీసుకుంటే పోయేది. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సూదుల మీద బతికేవోడు నాకు బిచ్చమెడతాడేటి?" అన్నాను, పక్కనే ఉన్న కోచ్‌కు వినబడేలా. నన్ను నమ్మి చెప్పుకున్న మాట అది. వాడి మొహం పాలిపోయింది. బెల్టు బిగించుకున్నాడు. కోచ్ వద్దంటున్నా నేను మ్యాట్ ఎక్కాను.

నా లెక్క తేలిక. మందుతో వచ్చిన కండ తొందరగా అలిసిపోతుంది. రెండు నిమిషాలు మీద పడి నొక్కుతాడు, రొప్పుతాడు, అప్పుడు చూసుకుందామనుకున్నాను. వాడు నొక్కలేదు. నేను ఎటు తోస్తే అటు తేలిగ్గా జరుగుతూ, ఓపిగ్గా ఎదురుచూశాడు. ఎదుటివాడి తొందరే నీకు పట్టు అని వాడికి నేర్పింది నేనే. రొప్పిందీ నేనే, పళ్లు బిగించి నెట్టిందీ నేనే. చివరికి, కింద పడి ఉండి, చెయ్యి తిన్నగా చాపి వాడి ఛాతీని తోశాను. మొదటి వారంలో కొత్తవాళ్లను నేను తిట్టే తిట్లన్నీ ఆ తప్పుకే. చెయ్యి చిక్కింది.

నా చెయ్యి కాళ్ల మధ్య బిగించి, వెనక్కి వాలి, వాడు ఆగాడు. నడుం ఇంకొంచెం ఎత్తితే చాలు, మోచెయ్యి విరుగుతుంది. ఎత్తలేదు. ఆ పట్టులో మందూ లేదు, కండా లేదు. అరవై కిలోలప్పుడూ అలాగే పట్టేవాడు. "ట్యాప్ చెయ్ భయ్యా" అన్నాడు మెల్లగా. మళ్లీ అన్నాడు. నేను తట్టలేదు. బలమంతా కూడగట్టుకుని పక్కకు మెలితిరిగాను. మోచెయ్యి టప్‌మంది. రిఫరీ వచ్చేలోపే వాడు వదిలేసి, నా తల పట్టుకుని ఏడుస్తున్నాడు.

రెండు రోజుల తర్వాత కోచ్ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి, ఆ పట్టులో అసలేం జరిగిందని నన్ను అడిగాడు.

"ఇంజెక్షన్ బలం సర్. విరిచేశాడు" అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. "సూదులు నిజమే సర్, తప్పే. చెయ్యి మాత్రం నాను ఇరవనేదు. భయ్యానే అడగండి."

కోచ్ నా వైపు చూశాడు. నేను నా కట్టు వైపు చూసుకున్నాను. ఏకు మేకైందని వెనకాల ఎవరో అన్నారు. నేషనల్స్‌కు వాడి పేరు పంపలేదు, మళ్లీ షెడ్డు గడప తొక్కొద్దన్నారు. సూదులకు ఆ శిక్ష పడాల్సిందే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు వాడు ఒడుపుతోనే గెలిచాడని నేను ఒక్క ముక్క అనుంటే, వాడు తలెత్తుకుని వెళ్లేవాడు. సిగ్గేసి అనలేదు.

మూడేళ్లయింది. చెయ్యి పూర్తిగా చాపలేను. పోటీలు మానేసి కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. మందుల గొడవ వచ్చినప్పుడల్లా ఈ మోచెయ్యే చూపిస్తాను. కిందటి నెల, కొత్తగా చేరిన ఒక స్కూల్ టీచరు, ఎవరో ఫోన్లో తీసిన ఆ ఫైనల్ వీడియో పట్టుకొచ్చింది. ఒకచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూపించింది.

"ఇక్కడ ఆయన ఆగిపోయాడు గదా సర్? మీరెందుకు ట్యాప్ చెయ్యనేదు?"



"వీడియోలో బలం కనబడదు మేడమ్" అన్నాను.

ఆవిడ ఇంకోసారి చూసి, తలూపి, ఫోన్ సంచిలో పెట్టేసుకుంది. నేర్పేవాడి మాట కదా, నమ్మేసింది.