రెండు చేతుల గడియ

మా వదినను ఆఫీసులో అందరూ పిడి మేడం అంటారు. తలుపు పిడులు, గడియలు, కుళాయిలు ఎలా ఉండాలో గీసి, చెక్కి, తయారు చేయించడం ఆవిడ ఉద్యోగం. వదినంటే మా ఆయన అక్క. మాతోనే ఉంటుంది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ముందా వచ్చేవాణ్ణి తలుపు చప్పుడు కాకుండా వేయడం నేర్చుకు రమ్మనండి" అంటుంది. అందుకే ఎవరూ ఎత్తరు.

ఆవిడ పట్టుదల ఒక్కటే. చేతిలో సత్తువ లేనివాళ్ళు, వేళ్ళు వంకర్లు పోయినవాళ్ళు, ఒక్క చెయ్యే పనిచేసేవాళ్ళు, ఎవరొచ్చినా తలుపు తెరుచుకోవాలి. గడియ ఎప్పుడూ మనిషిని రెండో చెయ్యి అడగకూడదు. ఈ మాట మా చెవుల్లో జోరీగలా ఎన్నేళ్ళు మోగిందో నాకే తెలుసు.

ఆఫీసులో పరీక్షకని గట్టి తొడుగులు ఉంటాయి. అవి వేసుకుంటే ఎంత కుర్ర చెయ్యైనా ముసలి చెయ్యిలా బిగుసుకుపోతుంది. మా వదినకు వాటి మీద నమ్మకం లేదు. "తొడుక్కున్నవాడికి విప్పేసుకోవచ్చని తెలుసుగా" అంటుంది. కాబట్టి ప్రతి కొత్త నమూనా ఇంటికొచ్చేది. మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. హాల్లో గోడకు ఆనించిన చెక్కపలకకు నమూనా బిగించి, "నాన్నా, రా" అనేది వదిన. ఆయన చొక్కా సర్దుకుని, పరీక్ష హాల్లోకి వెళ్ళే ఇన్‌స్పెక్టరులా వచ్చేవారు. ముందు ఎడమచేత్తో, తర్వాత అదే చేతికి సబ్బు రాసుకుని, తర్వాత మోచేత్తో, చివరికి గడ్డంతో. తెరుచుకుంటే "పాస్". లేకపోతే "ఫెయిల్ తల్లీ, మళ్ళీ చెయ్యి". వదిన కిక్కురుమనకుండా మళ్ళీ చేసేది.

పాసైనవన్నీ మా ఇంటి తలుపులకే ఎక్కాయి. మా ఇంట్లో తలుపు తీయలేని ప్రాణి లేదు, ఎదురింటి పిల్లితో సహా.

అదే మా కొంప ముంచింది. మామయ్యగారు జీవితమంతా బస్సు నడిపిన మనిషి. మతి తప్పడం మొదలయ్యాక, పొద్దున్నే డ్యూటీ చొక్కా వేసుకుని, మోచేత్తో పిడిని ఇలా తోసి అలా వెళ్ళిపోయేవారు. ఆయన్ని వెతకలేక మా తల ప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు నాలుగు రోడ్ల మధ్య నిలబడి తన బస్సు కోసం వెతుక్కుంటుంటే, ఒక లారీ ఆయన చొక్కా అంచు చింపుకుంటూ పోయింది. మందుల షాపతను ఇంటికి తీసుకొచ్చాడు.

తాళం వేద్దామంటే పగలు ఇంట్లో ఉండేది ఆయనా, అత్తయ్యగారూ. కీళ్ళవాతంతో అత్తయ్యగారి వేళ్ళు ముడుచుకుపోయాయి. తాళంచెవి తిప్పలేరు. ఏ గ్యాసో అంటుకుంటే ఇద్దరూ లోపలే.

"అక్కా, అమ్మ తీయగలగాలి, నాన్న తీయలేకపోవాలి. అలాంటిది చెయ్యి" అన్నాడు మా ఆయన.

"నేను చెయ్యను."

"అయితే రేపట్నుంచి మన ముగ్గుర్లో ఉద్యోగం ఎవరు మానాలో అది చెప్పు వదినా" అన్నాను నేను. ఇప్పుడడిగినా అదే అంటాను. లారీ కింద నుంచి మామయ్యగారిని ఏరుకురావడం నా వల్ల కాదు.

వదిన చేసింది. తలుపుకి పైన ఒక చివర ఒక మీట, నడుం ఎత్తులో రెండో చివర ఇంకో మీట. రెండూ ఒకేసారి నొక్కితేనే గడియ వదులుతుంది. వేలు ఆనిస్తే చాలు, అత్తయ్యగారు వంకర వేళ్ళ వెనక్కణుపులతో నొక్కినా పలుకుతుంది. కానీ రెండు చేతులుండాలి. ఆయన మోచెయ్యి ఎంత దూరం వస్తుందో, గడ్డం ఎంత ఎత్తు అందుతుందో ఆవిడకు కొట్టినపిండి. వాటికి అందకుండా పెట్టింది.

పరీక్ష చేయడానికి మళ్ళీ ఆయనే. "కొత్త మోడలా!" అంటూ ముఖం వెలిగిపోతూ వచ్చారు. ఎడమచెయ్యి, సబ్బు, మోచెయ్యి, గడ్డం, ఆఖరికి భుజం కూడా. చెమటలు పట్టాయి. "ఫెయిల్ తల్లీ" అన్నారు. వదిన తలూపి, ఆ సాయంత్రమే దాన్ని వీధి తలుపుకి బిగించింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆయన రోజూ డ్యూటీ చొక్కా వేసుకుని తలుపు దగ్గర కుస్తీ పట్టేవారు. "ఇంకా ఇదే ఉంచావేం? ఆఫీసులో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని వదిననే ఓదార్చేవారు. ఆవిడ ఇంటికి నమూనాలు తేవడం మానేసింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోందని నాకు తెలుసు. తెలిసి ఏం చేయను? పొద్దున అత్తయ్యగారు ఆయన్ని గదిలో రేడియో ముందు కూర్చోబెడితే, మేం ముగ్గురం దొంగల్లా ఒక్కొక్కరం జారుకునేవాళ్ళం.

ఒకరోజు మాకంటే ముందే ఆయన తలుపు దగ్గరున్నారు. ఎడమచెయ్యి కింది మీట మీద ఉంది.

"దీని కిటుకు దొరికింది తల్లీ! ఇది ఇద్దరు మనుషుల గడియ. కింద నేను నొక్కా, పైన నువ్వు నొక్కు. ఇద్దరం పోదాం."

వదిన భుజాన బ్యాగు, కాళ్ళకు చెప్పులు. చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

"చెయ్యి తియ్యి నాన్నా, నాకు ఆఫీసు టైమైంది."

"నాకూ డ్యూటీ టైమైంది. నొక్కు మరి."

నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. వదిన నావైపు చూసిన చూపుకి వెనక్కి తగ్గాను.

"భయపడకు" అన్నారాయన గొంతు తగ్గించి. "ఒంటి చేతివాడు దీన్ని తీయలేడు, నిజమే. పైవాళ్ళు అడిగితే చెప్పు, రెండో చెయ్యి మా నాన్నదని."

వదిన బ్యాగు కింద పెట్టింది. చెప్పులు విడిచింది. "ఇవాళ నాకు సెలవు నాన్నా" అంది.

"అలాగా. అయితే కూర్చో" అన్నారు మామయ్యగారు. చెయ్యి మాత్రం తీయలేదు. "నేనిలా పట్టుకునే ఉంటా. నీకెప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడొచ్చి నొక్కు."

ఆవిడ ఆయన కాళ్ళ దగ్గరే నేల మీద కూలబడింది. నా వెనక మా ఆయన టిఫిన్ బాక్సు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ పూట మా ఇంట్లోంచి ఎవరమూ బయటికి వెళ్ళలేదు.