గ్లెన్ ఫాస్ట్‌బాల్‌కి మిషను పెట్టిన పేరు

నెబ్రాస్కాలో మా ఊరి బేస్‌బాల్ జట్టుకి గ్లెన్ టాల్‌మన్ పిచ్చర్. అతను విసిరే బంతిని పట్టే క్యాచర్ని నేను. కుర్రతనంలో అతని ఫాస్ట్‌బాల్ పట్టిన రోజున నా అరచెయ్యి మర్నాటిదాకా మండేది. ఆ మంట తలచుకుంటే ఇప్పటికీ తీపిగానే ఉంటుంది.

మా ఇద్దరికీ జుట్టు నెరిసిన ఏడాది, మైదానానికి బంతి జాడ తీసే మిషను వచ్చింది. వేగం, మలుపు కొలిచి, అది ఏ రకం బంతో వెంటనే బోర్డు మీద వేసేది. మొదటి ఆటలో గ్లెన్ ఒంట్లో సత్తువంతా కూడదీసుకుని ఫాస్ట్‌బాల్ విసిరాడు. బోర్డు మీద 'చేంజప్' అని పడింది. బ్యాటర్‌ని బురిడీ కొట్టించడానికి కావాలని నెమ్మదిగా వేసే బంతి అది.

"తాతా, ఫాస్ట్‌బాల్ కూడా ఒకటి వెయ్యవయ్యా, చూసి పోతాం!" అని జనంలోంచి ఎవడో అరిచాడు.

గ్లెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆట అవగానే మిషను చూసుకునే డార్లీన్ దగ్గరికి మెట్లెక్కి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఏమ్మా, నా బంతికి ఆ పేరేంటి?"

"నేను పెట్టలేదు గ్లెన్. వేగం చూసి అదే అనుకుంటుంది. నీది మరీ..." అని మాట మింగేసింది. "కంపెనీకి చెప్పి మార్పిస్తాలే. వారం పడుతుంది."

దారిలో గ్లెన్ నాతో, "మా నాన్న దాన్ని పిడుగు అనేవాడ్రా," అన్నాడు.

తరవాతి ఆటకి పేరు ఇంకా మారలేదు. అవతలి జట్టువాళ్ళు బోర్డు చూసి, అసలు ఫాస్ట్‌బాల్ ముందుముందు వస్తుందని కాచుకున్నారు. తొందరపడి బంతి రాకముందే బ్యాటు తిప్పి ఒకడి వెనక ఒకడు అవుటయ్యారు.

"అసలు సరుకు దాచాడ్రా ముసలాడు!" అని ఒక బ్యాటర్ గొణుక్కున్నాడు. మొహానికి కట్టుకునే క్యాచర్ ముసుగు వెనక నేను నవ్వాపుకోలేకపోయాను.

గెలిచాక గ్లెన్ మళ్ళీ మెట్లెక్కాడు. "డార్లీన్, ఆ పేరు ముట్టుకోకమ్మా."

"మొన్న నామోషీ అన్నట్టు మొహం పెట్టావుగా?"

"మొన్న ఓడిపోయాం."

ఆగస్టుకల్లా గుట్టు అందరికీ తెలిసిపోయింది. మూడు ఆటల్లో అతని బంతుల్ని చితక్కొట్టారు. ఎవరూ చెప్పకముందే అతనే కోచ్ చేయి పట్టుకుని "చాలు" అని మానేశాడు.

ఇప్పుడు ట్రాక్టర్ సామాన్ల కొట్లో పని చేస్తున్నాడు. నేను వెళితే కౌంటరు దాటి వచ్చి, ఆ వేసవిలో ఏ బ్యాటర్ ఎలా బోల్తాపడ్డాడో చేతులు తిప్పి మరీ చూపిస్తాడు. బోల్టులు కొనడానికొచ్చిన రైతులు బేరం మరిచిపోయి వింటారు.