మా అమ్మ దవడకు సెలవు

మా అమ్మను చంపినంత పని చేశాను. ప్రేమతోనే లెండి, అందుకే ఎవరూ కేసు పెట్టలేదు.

అప్పట్లో గార్డెన్ రీచ్‌లో ఓడల యార్డులో ఫిట్టర్ని. అమ్మకు ఒక్క పన్నూ లేదు. కట్టుడు పళ్లు వదులై, మాట్లాడితే టకటకలాడేవి. వాట్‌గంజ్‌లో బెంగాలీ పళ్ల డాక్టరు చూసి, "పళ్లన్నీ పోయాక దవడ ఎముక కరుగుతుంది దాదా. అయితే..." అన్నాడు. మిగతాది విన్నదెవరు? అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగేశాను.

యంత్రంలో ఏ భాగమైనా వాడితేనే కదా అరిగేది! పైగా విశ్రాంతి కార్మికుడి హక్కని యూనియన్ మీటింగుల్లో చప్పట్లు కొట్టినవాణ్ణి. ఆ రోజే అమ్మ దవడకు సెలవు మంజూరు చేశాను. నమలడం బంద్. మూడు పూటలా గంజి.

"ఏటిరా ఇది? సేప ముక్కేదీ?"

"నమిలితే ఎముక అరిగిపోద్దమ్మా!"

"అరిగిపోడానికి నానేటి ఇనప గుగ్గిళ్లు నమలతన్నానా?"

ఆదివారం కాలిపర్ తెచ్చాను. యార్డులో ఇనుప రేకుల మందం కొలిచేది. దాంతో అమ్మ రెండు బుగ్గలూ పట్టి కొలిచి గోడ మీద రాశాను. పై ఆదివారం రెండు మిల్లీమీటర్లు తక్కువ! ఆ పై వారం మరో మూడు! ఈ లెక్కన దుర్గాపూజ నాటికి అమ్మకు దవడే ఉండదు. ఏడుస్తూనే ఆ అంకె కూడా గోడకెక్కించాను. గంజి ఇంకా పల్చన చేశాను. అమ్మ గోడ పట్టుకుని నడవసాగింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా మందుకు ఉన్న అమ్మే ఊడిపోయేలా ఉంది.

రిక్షాలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"డాక్టర్‌బాబూ, దవడ కరిగిపోయింది! మా అమ్మ బతుకుతుందా?" అని భోరుమన్నాను.

ఆయన అమ్మ నోరు చూశాడు, కళ్లు చూశాడు.

"మాసిమా, ఏం తింటున్నారు?"

"గంజి బాబూ."

"ఇంకా?"

"గంజే."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు కొలిచింది బుగ్గల్లో కండ దాదా! ఎముక ఏళ్ల తరబడి మెల్లగా తరుగుతుంది. అదీ పళ్లు పోయి దానికి పని తగ్గినందుకు. కొత్త సెట్టు కట్టిస్తే చాలని ఆ రోజే చెప్పబోయాను. ముందు ఈవిడకు అన్నం పెట్టు."

అమ్మ నన్ను తేరిపార చూసింది. "నువ్వేడుత్తా కొలుత్తుంటే, ఏదో పెద్ద రోగమే, నాకు సెప్పడం నేదనుకున్నాన్రా. సచ్చిపోతానేమోనని బయిమేసి నోరు మూసుకున్నాను. పద ఇంటికి. ఆ గంజి ఎవుడు తాగాలో సూత్తాను."

కొత్త సెట్టు వచ్చేదాకా మూడు వారాలు ఆవిడ నా ఎదురుగా కూర్చుని, వట్టి చిగుళ్లతో చేప ముక్కలు లాగించింది. ముప్పై రెండు పళ్లున్న నేను గంజి తాగాను. ఆ గంజి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఏ డాక్టరు "అయితే" అన్నా, ఆ మాట పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవను.